పడలేదంటున్నారు సరే, ఎంత వేశారు?

"కుక్కకు మందు పడలేదు." కర్నూలు నుంచి కడప దాకా కుక్కను పెంచే ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. పిడుదులకని మాత్ర మింగించిన గంటకు కక్కుకున్నా పడలేదనే అంటారు. మెడ మీద పోసిన చుక్కల మందుకు చర్మం ఎర్రబడి బొచ్చు ఊడినా అదే మాట. పశువుల సూదిమందు వేయించిన రాత్రి వెనక కాళ్లు తేలిపోయి, చూపు ఆనక గోడకు గుద్దుకున్నా అదే మాట. మాత్ర వేసిన పది రోజులకు జ్వరమొచ్చి ముక్కులో నెత్తురు కారినా మళ్లీ అదే. నాలుగింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనులు వేరు. అన్నిటినీ ఒకే మూట కట్టేసరికి, వాడాల్సిన పిడుదుల మాత్రను భయపడి మానేస్తున్నారు. మానేయాల్సిన ఆ పశువుల సూదిని, అంటే ఐవర్‌మెక్టిన్‌ను మాత్రం "అలవాటైందే కదా" అని నెలనెలా పొడిపిస్తున్నారు. ఇది తలకిందులు కావాలన్నదే నా వాదన.

ముందు సూది సంగతి. పశువుల మందుల అంగడికి పోయి "అన్నా, కుక్కకు పిడుదులు పడినాయి, ఏమన్నా ఇయ్యి" అంటే చాలాచోట్ల చేతికొచ్చేది 1 శాతం ఐవర్‌మెక్టిన్ సీసా. అది ఆవులకూ ఎద్దులకూ తయారైన మందు. ఒక సీసీలో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. పశువుకు 50 కిలోల బరువుకు ఒక సీసీ లెక్క. అంటే కిలోకు 200 మైక్రోగ్రాములు. ఇదే మందును, దోమ కాటుతో కుక్కకు పట్టే గుండె పురుగు రాకుండా నెలకోసారి నోటి ద్వారా ఇచ్చే మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు మాత్రమే. 20 కిలోల కుక్కకు 120 మైక్రోగ్రాములు. సీసాలోంచి తీయాలంటే 0.012 సీసీ. చక్కెర జబ్బువాళ్లు వాడే 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో ఒక్క గీత 0.025 సీసీ. అంటే కావలసింది సగం గీత. మామూలు 2 సీసీ సిరంజిలో అతి చిన్న గీతే 0.1 సీసీ, దాంట్లోనే ఎనిమిది రెట్ల మందు ఉంది. ఇంక "అర సీసీ వెయ్యి, కుక్క పెద్దదే కదా" అంటే ఆ 20 కిలోల కుక్కకు పడింది 5 మిల్లీగ్రాములు, గుండె పురుగు మోతాదుకు నలభై రెట్లు పైమాటే. నాలుగు కిలోల పిల్లకు ఒక సీసీ వేస్తే కిలోకు రెండున్నర మిల్లీగ్రాములు. దాన్ని మోతాదు అనడానికి లేదు.

గజ్జికి డాక్టర్లు కిలోకు 300 నుంచి 600 మైక్రోగ్రాముల దాకా వాడతారు, నిజమే. కానీ అది తక్కువ నుంచి మెల్లగా పెంచుతూ, కుక్కను చూస్తూ చేసే వైద్యం. పైగా పిడుదులకు ఐవర్‌మెక్టిన్ నమ్మదగ్గ మందు కాదు. సూది వేయించిన వారానికి మళ్లీ చెవుల్లో గింజల్లా వేలాడుతుంటాయి, మళ్లీ సూది.

దీన్ని వాడేవాళ్ల దగ్గర ఒక గట్టి జవాబు ఉంటుంది: "ఎన్నో కుక్కలకు వేసినాం, ఏమీ కాలేదు." అబద్ధం కాదు. ఊరకుక్కల్లో చాలావాటికి ఏమీ కాదు. మెదడుకూ నెత్తురుకూ మధ్య ఒక కాపలా ఉంది. పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు లోపలికొచ్చిన ఐవర్‌మెక్టిన్‌ను బయటికి తోడేస్తుంటుంది. ఆ పంపు ఉన్న కుక్క పెద్ద మోతాదును కూడా తట్టుకుంటుంది. ఎండీఆర్1 అనే జన్యువులో నాలుగు అక్షరాలు ఎగిరిపోయిన కుక్కల్లో ఆ పంపు పనిచేయదు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని కోలీ జాతిలో పట్టుకున్నారు. అమెరికాలో చేసిన పరీక్షల్లో కోలీల్లో పదింట ఏడింటికి, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో సగానికి, జర్మన్ షెపర్డ్‌లలో పదింట ఒకదానికి ఈ లోపం కనపడింది. కోలీలు మన దగ్గర అరుదు. జర్మన్ షెపర్డ్ అట్లా కాదు, అనంతపురంలో వీధికి ఒకటుంటుంది, వాటి సంకరాలు ఇంకా ఎక్కువ. లోపమున్న కుక్కకు కిలోకు 100 మైక్రోగ్రాములు దాటితే ప్రమాదం మొదలవుతుంది. కాబట్టి తొమ్మిది కుక్కలు లేచి తిరగడం పదోదానికి హామీ కాదు. అట్లాగని భయపడాల్సిన పని లేని సంగతి కూడా ఉంది: ఆ 6 మైక్రోగ్రాముల నెల మోతాదును కోలీలు కూడా భరిస్తాయి. 2015లో కాంబెల్, ఒమురా అనే శాస్త్రవేత్తలకు నోబెల్ తెచ్చిన మందు ఇది. తప్పు మందుది కాదు, సిరంజి గీతది.

సూదే కాదు, ఇంకో రెండు దారుల్లో కూడా ఐవర్‌మెక్టిన్ కుక్క ఒంట్లోకి పోతుంది. మెడికల్ షాపులో మనుషులకమ్మే 12 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. 20 కిలోల కుక్కకు అది కిలోకు 600 మైక్రోగ్రాములు, గుండె పురుగు మోతాదుకు సరిగ్గా వంద రెట్లు. రెండోది గొర్రెల దొడ్డి. జీవాలకు తాపే ఐవర్‌మెక్టిన్ ద్రవంలో మిల్లీలీటరుకు 0.8 మిల్లీగ్రాములుంటుంది. తాపేటప్పుడు చిప్పలో మిగిలిన పది మిల్లీలీటర్లు 16 కిలోల కాపలా కుక్క నాకితే కిలోకు 500 మైక్రోగ్రాములు పడినట్టే. అనంతపురం వైపు మందల వెంట తిరిగే కుక్కకు కాళ్లు తడబడితే పాము కాటు అనుకునేముందు, నిన్న గొర్రెలకేం తాపారో అడగాలి.

ఇక గుండె పురుగు. ఇది దోమ కాటుతో వచ్చే పురుగు, పెద్దదయ్యాక గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య నాళాల్లో పడుంటుంది. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళ వైపు, కనపడేది ఎక్కువగా దాని దాయాది, చర్మం కింద ఉండే డైరోఫైలేరియా రెపెన్స్. ఇంకొకటి అకాంతోకైలోనిమా, దీన్ని మోసేవి ఫ్లీలు, పేలు. పెద్దగా హాని చేయదు. ఫ్లీ అంటే పిడుదు కాదు, బొచ్చులో పరుగెత్తి పట్టుకోబోతే దూకేసే సన్నని గోధుమరంగు పురుగు. నెత్తురు చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే మూడింటి పిల్ల పురుగులూ దాదాపు ఒక్కలాగే మెదులుతుంటాయి. "బ్లడ్‌లో పురుగులున్నాయి" అన్న రిపోర్టు చూడగానే గుండె పురుగని తేల్చేయడం పెద్ద తప్పు. యాంటిజెన్ పరీక్ష చేయించాలి. అది కూడా దోమ కుట్టిన ఆరు నెలల తర్వాతే పట్టిస్తుంది, ఎందుకంటే అది వెతికేది ఎదిగిన ఆడ పురుగు జాడను.

ఈ పరీక్ష లేకుండా గుండె పురుగు మాత్ర మొదలుపెట్టడమే అసలైన "పడకపోవడం" ఒకటి తెస్తుంది. నెత్తురునిండా పిల్ల పురుగులున్న కుక్కకు వాటిని ఒక్కసారిగా చంపే మందు పడితే, చచ్చిన పురుగుల సరుకుకు ఒళ్లు తిరగబడుతుంది. చిగుళ్లు తెల్లబడి, నాడి పడిపోయి, గంటా రెండు గంటల్లో షాక్‌లోకి పోవచ్చు. గుండె పురుగు మాత్రల్లో వాడే మిల్బెమైసిన్‌తో ఈ ముప్పు ఉంది. బోదకాలుకు మనుషులు మింగే డీఈసీ మాత్రతో మరీ ఎక్కువ. ఆ డీఈసీనే కొందరు కుక్కకు చూసుకోకుండా పెడతారు. కాబట్టి ఏడు నెలలు దాటిన కుక్కకు పరీక్ష ముందు, మాత్ర తర్వాత. అంతకన్నా చిన్న పిల్లలో పరీక్ష చేసినా తేలదు, నేరుగా మొదలుపెట్టవచ్చు. ఇంకో అపోహ, ఈ నెల మాత్ర వచ్చే నెలకు కవచం అని. అది గడిచిన నెలలో దోమ వదిలిన పిల్ల పురుగులను చంపుతుంది. రెండు మూడు నెలలు మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఆరు నెలల తర్వాత పరీక్ష చేయించాల్సింది అందుకే. సీమలో ఊరు దాటని కుక్కకు ఈ మాత్ర అవసరమా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. నా లెక్కలో ఇక్కడ మొదటి శత్రువు గుండె పురుగు కాదు, పిడుదు.

పిడుదులకు ఇప్పుడున్న గట్టి మందులు ఐసోక్సాజోలిన్‌లు. అఫాక్సోలనర్ అంటే బజారు పేరు నెక్స్‌గార్డ్, ఫ్లురాలనర్ అంటే బ్రవెక్టో, సరోలనర్ అంటే సింపారికా, లోటిలనర్ అంటే క్రెడెలియో. నాలుగు అసలు పేర్లూ "లనర్"తోనే ముగుస్తాయి, ఆ తోక గుర్తుంటే చాలు. 2018 సెప్టెంబరులో మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ కుటుంబం మొత్తం మీద హెచ్చరిక ఇచ్చింది: కొన్ని కుక్కల్లో కండరాల వణుకు, తూలడం, ఫిట్స్ వస్తున్నాయని. ముందెప్పుడూ ఫిట్స్ రాని కుక్కల్లో కూడా. మందులను బజారు నుంచి తీయమనలేదు, లేబుల్ మీద రాయించింది. దీన్ని పట్టుకుని "ఈ మాత్రలు విషం" అనేవాళ్లూ, "అదంతా పుకారు" అనేవాళ్లూ ఇద్దరూ తప్పే. పురుగు నరాల్లో గాబా, గ్లుటమేట్ ద్వారాలను ఈ మందు మూసేస్తుంది, పురుగు వణికి చస్తుంది. కుక్క నరాల మీద దాని పట్టు చాలా తక్కువ, కానీ సున్నా కాదు. ఐవర్‌మెక్టిన్ దీనికి ఎదురు పని చేస్తుంది, ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. అందుకే అది ఎక్కువైన కుక్క సాధారణంగా మత్తుగా, సొంగ కారుస్తూ, కనుపాపలు పెద్దవై, పిలిస్తే పలకకుండా పడుంటుంది. లనర్ పడని కుక్క వణుకుతుంది, ఎగిరెగిరి పడుతుంది. డాక్టరుకు ఫోన్‌లో ఈ తేడా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన కుక్కకు లనర్ మాత్ర డాక్టరు తెలిసి రాస్తేనే వేయాలి. ఒకదానితో ఫిట్స్ వచ్చిందని ఇంకో లనర్‌కు మారడం మార్పు కాదు, అదే ఇంట్లో ఇంకో గదిలోకి పోవడం. మెడ మీద పోసే ఫిప్రోనిల్ చుక్కల్లాంటి వేరే కుటుంబానికి మారాలి. ఇంకో చేదు నిజం: బ్రవెక్టో పన్నెండు వారాలు పనిచేస్తుంది. వేసిన మరునాడు వద్దనుకున్నా వెనక్కి తీయలేము. అందుకే ఈ కుటుంబాన్ని మొదటిసారి వాడే కుక్కకు నెల మాత్రతోనే మొదలుపెట్టాలంటాను. అది కూడా ఒక్క మందున్న మాత్రతో. పిడుదులకు, గుండె పురుగుకు, కడుపులో పురుగులకు అన్నిటికీ కలిపిన మాత్రలు వచ్చాయి. వాటితో మొదలుపెట్టి తేడా వస్తే దోషి ఎవరో తేల్చలేరు.

మోతాదు విషయంలో ఈ మాత్రలు సిరంజికన్నా ఎన్నో మేలు. నెక్స్‌గార్డ్‌లో 4 నుంచి 10 కిలోలకు 28.3 మిల్లీగ్రాములు, 10 నుంచి 25 కిలోలకు 68, 25 నుంచి 50 కిలోలకు 136. పదిన్నర కిలోల కుక్కకు కిలోకు ఆరున్నర మిల్లీగ్రాములు పడితే 25 కిలోలదానికి రెండు ముప్పావు పడుతుంది. రెండూ లేబుల్‌లోనే ఉన్నాయి, కనీసం 2.5 పడాలి. ఇక్కడ చేసే తప్పు పొదుపు. పెద్ద మాత్ర ఒకటి కొని రెండు కుక్కలకు విరిచి పెట్టడం, లేదా చూపుతో బరువు అంచనా కట్టడం. విరిచిన ముక్కల్లో మందు సమానంగా ఉంటుందన్న హామీ లేదు. బరువుకు పెద్ద యంత్రాలక్కర్లేదు: కుక్కను ఎత్తుకుని మీరు తూగండి, తర్వాత మీరొక్కరే తూగి తీసేయండి.

వాంతిని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. తిండి పెట్టిన వెంటనే మాత్ర ఇస్తే చాలావరకు తగ్గుతుంది. బ్రవెక్టో లేబుల్ అయితే తిండితోనే ఇవ్వమంటుంది. నెక్స్‌గార్డ్ వేసిన రెండు గంటల్లోపు కక్కితే మళ్లీ పూర్తి మాత్ర వేయమని దాని లేబులే చెబుతుంది. ఒక పూట వాంతి, ఒక పూట పలచటి విరేచనం "పడలేదు" కింద రాయకండి.

పది రోజుల తర్వాత వచ్చే జ్వరం మాత్రం ఎక్కువ మందిని మోసం చేస్తుంది. ఎర్లిఖియా అనే పిడుదు జ్వరం కుట్టిన 8 నుంచి 20 రోజులకు బయటపడుతుంది. కుక్క ఒళ్లంతా పిడుదులు కనపడ్డాకే కదా మాత్ర తెస్తారు. అప్పటికే జబ్బు లోపల పడింది. జ్వరం, తిండి మానేయడం, ముక్కులో నెత్తురు, పొట్ట మీద ఎర్రటి చుక్కలు వస్తే మందును తిట్టడం ఆపి నెత్తురు పరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్లు సాధారణంగా రెండు నుంచి ఐదు లక్షల మధ్య ఉండాలి. ఎర్లిఖియా అని తేలితే మందు డాక్సీసైక్లిన్, రోజుకు కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 28 రోజులు, మధ్యలో ఆపకుండా. మూత్రం కాఫీ రంగులోకి మారి చిగుళ్లు పాలిపోతే అది బబీసియా అనే ఇంకో పిడుదు జ్వరం కావచ్చు, మందు వేరే. మాత్ర వేసినా జ్వరం ఎట్లా వచ్చిందంటారు. పిడుదు కరిచిన కొద్ది గంటల్లోనే ఎర్లిఖియా ఎక్కించగలదు, మాత్ర దాన్ని చంపేసరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకే పిడుదుల సంఖ్య తగ్గించడమే మార్గం.

సంఖ్య అంటే కుక్క మీద కాదు, ఇంట్లో. మన దగ్గరున్న గోధుమరంగు కుక్క పిడుదు నెత్తురు తాగి కింద పడి, గోడలెక్కి సందుల్లో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. కడప బండల మధ్య సున్నం రాలిన సందులు, బేతంచర్ల రాళ్లు పరిచిన వసారా, రాతి గోడల అతుకులు దానికి ప్రసూతి గదులు. ఆ సందులకు సిమెంటు పూయడం, కుక్క పడుకునే గోనెపట్టాను వారానికోసారి మరిగే నీళ్లలో ముంచడం, మాత్రను కనీసం మూడు నెలలు వరుసగా వేయడం, మూడూ కలిస్తేనే ఫలితం.

స్నానపు మందుల దగ్గర కూడా కొలతే ముఖ్యం. 12.5 శాతం అమిట్రాజ్ లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు. తొడుగులు వేసుకుని, కళ్లకు తగలకుండా తడిపి, కడగకుండా నీడలో ఆరనివ్వాలి. కలిపిన నీళ్లు మరునాటికి దాచకూడదు. చక్కెర జబ్బున్న కుక్కకు, నాలుగు నెలల్లోపు పిల్లకు వద్దు. పోసిన తర్వాత ఒక పూట మగతగా ఉండడం మామూలే. లేపినా లేవకపోయినా, ఒళ్లు చల్లబడినా వెంటనే తీసుకెళ్లండి, దీనికి విరుగుడు సూది ఉంది. మే నెల మిట్టమధ్యాహ్నం తడిపి ఎండలో కట్టేసిన కుక్క రొప్పితే అది వడదెబ్బ, మందు కాదు. ఆసనంలో థర్మామీటరు పెట్టి చూడండి, 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలు.

వేరుశనగ చేనుకు తెచ్చిన పురుగుల మందును కుక్కకు పూయడాన్ని గురించి వాదనే లేదు, అది విషప్రయోగం. గుర్తు ఒకటి చెబుతాను. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందు పడితే కనుపాపలు చుక్కల్లా చిన్నవవుతాయి, కళ్లల్లో నీళ్లు, సొంగ, విరేచనం. దానికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. ఐవర్‌మెక్టిన్‌కు పెద్దవవుతాయి, దానికి నేరుగా విరుగుడు లేదు. ఊపిరి, నీరు, వేడి చూసుకుంటూ రోజుల తరబడి కాపాడడమే. ఇంట్లో పిల్లి ఉంటే పిడుదులకు పోసే పర్మెత్రిన్ చుక్కలు కుక్కకు కూడా వద్దు. కుక్క ఒళ్లు రాసుకున్న పిల్లి చచ్చిపోవచ్చు.

తేడా వచ్చిన గంటలో చేసే తప్పుల్లో మొదటిది పాలు తాపడం. విషానికి పాలు విరుగుడన్నది మన నమ్మకం, కానీ ఐవర్‌మెక్టిన్, లనర్‌లు కొవ్వులో కరిగేవి. కొవ్వు తోడైతే కడుపు ఇంకా బాగా పీల్చుకుంటుంది. ఉప్పునీళ్లతో కక్కించవద్దు, మగతలో ఉన్న కుక్క దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీలుస్తుంది. చర్మం మీది మందైతే, కుక్క తెలివిగా ఉన్నంతవరకు గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడగండి. ఫిప్రోనిల్ నాకి నురగ కక్కితే భయపడొద్దు, అది చేదుకు. మొహం వాచి దద్దుర్లొస్తే అలర్జీ, వెంటనే ఆస్పత్రి. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము, ముక్కు దగ్గర ఉల్లిపాయ వద్దు, నోట్లో వేలు అసలే వద్దు. తలకింద గుడ్డ పెట్టి, లైటు తీసేసి, ఫోన్‌లో వీడియో తీస్తూ నిమిషాలు లెక్కపెట్టండి. ఐదు నిమిషాలు దాటితే ప్రాణాపాయం. ఊళ్లలో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. కడప వైపువాళ్లకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది.

ఈ చిక్కులన్నీ తప్పాలంటే మొదటి మాత్ర ఆదివారం రాత్రి వేయకండి. డాక్టరు దొరికే రోజు, పొద్దున, తిండి తర్వాత. అదే రోజు టీకా వద్దు, పిడుదులకని కట్టిన పాత మెడపట్టీ, చుక్కల మందు రెండూ ఉంచి పైన మాత్ర వద్దు. మూడు రోజులు గమనించండి. డబ్బా పారేయకుండా మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు కనపడేట్టు ఫోటో తీసుకోండి.

తేడా వస్తే డాక్టరుకూ, డబ్బా మీదున్న కంపెనీ నంబరుకూ చెప్పండి. చెప్పి ఏం లాభమంటారు. 2004లో అమెరికాలో గుండె పురుగుకు ఆరు నెలలకోసారి వేసే ప్రోహార్ట్ 6 అనే మాక్సిడెక్టిన్ సూదిని బజారు నుంచి వెనక్కి తీసింది ఇట్లాంటి ఫిర్యాదులు పోగుపడ్డాకే. 2008లో అది కొత్త జాగ్రత్తలతో తిరిగొచ్చింది. కానీ ఫిర్యాదుకు నాలుగు ముక్కలు కావాలి: కుక్క బరువు, మందు అసలు పేరు, వేసిన మిల్లీగ్రాములు, వేసిన గంటా తేడా కనపడిన గంటా. "అంగడాయన ఏదో ఇచ్చినాడు, అర సీసీ వేసినాడు" అన్నదాంతో ఏ డాక్టరూ ఏమీ చేయలేడు.